ఓక్ పీపాలో ఊరిన ఎర్ర వైన్: తిరుపతిలో నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరులో ఉద్యోగం చేసిన రోజుల్లో అంటుకున్న సరదా ఇది. తిరుపతికి తిరిగొచ్చి బైరాగిపట్టెడలో కాపురం పెట్టాక, మా బావ మొదలుకొని వీధి చివర మందులషాపు కుర్రాడి దాకా అడిగినవే మళ్ళీ మళ్ళీ అడుగుతున్నారు. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక అయిపోయి ఇలా ఒకచోట రాసిపెడుతున్నాను. ఆంధ్రప్రదేశ్‌లో మందు కొనాలంటే 21 ఏళ్ళు నిండాలి, అంతకు తక్కువ వయసువాళ్ళు చదివి వదిలేయండి.

వైన్ షాపుకెళ్ళి వైన్ అడిగితే షాపువాడు నవ్వాడు. ఎందుకు?

మన దగ్గర వైన్ షాపు అంటే వైన్ తప్ప అన్నీ దొరికే చోటు కాబట్టి. చిత్తూరు వైపు పెద్దవాళ్ళు బ్రాందీ షాపు అంటారు, అదే నిజాయితీ ఉన్న పేరు. 2019 తర్వాత కొన్నేళ్ళు షాపులు ప్రభుత్వమే నడిపింది, అప్పుడు వాళ్ళు పెట్టిందే సరుకు. 2024 అక్టోబరులో మళ్ళీ ప్రైవేటు షాపులొచ్చాయి కాబట్టి ఇప్పుడు కాస్త పెద్ద షాపులో పట్టుదలగా అడిగితే అల్మరా పై అరలో దుమ్ము కొట్టుకుపోయిన సీసా ఒకటి రెండు కనిపిస్తాయి. ఒక్క జాగ్రత్త. "వైనే కదన్నా" అని తియ్యటి పోర్ట్ వైన్ చేతిలో పెడతారు. గోల్కొండ రూబీ తాగి అదే వైన్ అనుకున్న తరం మనది, వాళ్ళ తప్పేం లేదు, కానీ ఇక్కడ నేను మాట్లాడుతున్నది తీపి లేని వైన్ గురించి.

వెంకన్న ఊళ్ళో కూర్చుని వైన్ గురించి రాయడానికి సిగ్గులేదా?

మా పెద్దమ్మ ప్రశ్న. కొండమీద మందు, మాంసం, సిగరెట్ అన్నీ నిషేధం. అలిపిరిలో బండి ఆపి వెతుకుతారు, వెతకాలి కూడా. కొండకు వెళ్ళే రోజు, శనివారాలు నేను ముట్టను. మిగతా రోజుల లెక్క నాకూ మా ఆవిడకూ మధ్య ఉంది.

ఇంతకీ నువ్వు ఎప్పుడూ చెప్పే సీసా ఏది? ఎవరు చేస్తారు?

గ్రోవర్ జంపా వాళ్ళ లా రిజర్వ్. కేబర్నె సావిన్యాన్, షిరాజ్ అనే రెండు ద్రాక్షలు కలిపి, ఫ్రెంచ్ ఓక్ చెట్టు చెక్కతో చేసిన పీపాల్లో నెలల తరబడి ఊరబెట్టిన ఎర్ర వైన్. దీన్నే పట్టుకోవడానికి నాకున్న కారణం చాలా చిన్నది: మన తిరుపతికి దగ్గర్లో, చెప్పుకోదగ్గ పాతకాలపు వైనరీ అదే. నంది కొండల కింద, దొడ్డబళ్ళాపురం పక్కన రఘునాథపుర అనే ఊళ్ళో ఉంది. మదనపల్లె వాళ్ళకైతే పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం భోజనం అక్కడే చెయ్యొచ్చు.

కథ కన్వల్ గ్రోవర్ అనే వ్యాపారితో మొదలవుతుంది. ఫ్రాన్స్ నుంచి యంత్రాలు తెప్పించే వ్యాపారం ఆయనది, పని మీద అక్కడికి వెళ్ళీ వచ్చీ వైన్ మీద ఇష్టం పెంచుకున్నాడు. ఇష్టం పెంచుకుని సీసాలు కొనుక్కునేవాళ్ళు బోలెడుమంది, ఈయన మాత్రం ఇండియాలోనే ఎందుకు పండకూడదు అని పట్టుపట్టాడు. షాంపేన్ ప్రాంతంలో పేరున్న జార్జ్ వెసెల్ అనే నిపుణుడిని తీసుకొచ్చి, పదుల రకాల ఫ్రెంచ్ ద్రాక్ష తీగలు తెప్పించి, ఏది ఈ నేలలో బతుకుతుందో ఏళ్ళ తరబడి చూశారు. చివరికి నంది కొండల ప్రాంతం తేలింది. తోట 1988లో వేశారు, మొదటి వైన్ 1992లో బయటికొచ్చింది. ఆ రోజుల్లో ఈ దేశంలో తీపి లేని ఎర్ర వైన్ తాగేవాళ్ళెందరు చెప్పండి, కొనేవాడు లేని సరుకు కోసం పదేళ్ళు ఖర్చుపెట్టడమంటే మాటలు కాదు. తొంభైల మధ్యలో ఫ్రాన్స్‌లో వైన్‌కి పేరున్న బోర్డో ప్రాంతం నుంచి మిషెల్ రోలాండ్ సలహాదారుగా వచ్చాడు, ప్రపంచమంతా తిరిగి వైనరీలకు ఎలా కలపాలో, ఎంత ఊరబెట్టాలో చెప్పడమే ఆయన వృత్తి. తర్వాత కన్వల్ కొడుకు కపిల్, మనవరాలు కరిష్మా కూడా ఇందులోకే వచ్చారు. కరిష్మా కాలిఫోర్నియాలో డేవిస్ యూనివర్సిటీలో వైన్ తయారీ చదువుకుని వచ్చింది. 2012లో నాసిక్ వైపున్న వాలీ ద వాన్ సంస్థతో కలిసిపోయారు, వాళ్ళ బ్రాండు పేరు జంపా, అందుకే ఇప్పుడు రెండు పేర్లూ కలిపి గ్రోవర్ జంపా అంటున్నారు.

నంది కొండల ద్రాక్ష అంటే మన తోపుడుబండి మీద అమ్మే బెంగళూరు బ్లూ యేనా?

కాదు. చిక్కబళ్ళాపురం నుంచి మనకొచ్చే నల్ల ద్రాక్ష తినడానికి, జ్యూసుకి, ఆ తియ్యటి పోర్ట్ వైన్లకి. కేబర్నె, షిరాజ్ కాయలు చూస్తే మీకు జాలేస్తుంది: బఠాణీ గింజ కంటే కాస్త పెద్దవి, తొక్క మందం, లోపల గింజలుంటాయి, గుజ్జు తక్కువ. మన ఇంట్లో పిల్లలు ఉమ్మేస్తారు. కానీ రంగూ వగరూ వాసనా అన్నీ ఉండేది ఆ తొక్కలోనే కాబట్టి, కాయ ఎంత చిన్నదైతే రసానికి తొక్క అంత ఎక్కువ అందుతుంది. రసం దాదాపు తెల్లగానే ఉంటుంది, తొక్కలతో కలిపి పులియబెడితేనే ఎరుపు దిగుతుంది.

చిత్తూరు మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో పనిచేసినవాళ్ళకు బ్రిక్స్ అంటే విడమర్చి చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళు రసంలో తీపి ఎంతుందో చెప్పే కొలత అనుకోండి. తోతాపురి గుజ్జు 14 బ్రిక్స్ వస్తే చాలు అనుకుంటారు కదా, వైన్ ద్రాక్ష 23, 24 దాకా వచ్చాకగానీ కొయ్యరు. ఆ తీపంతా ఈస్ట్ తినేసి ఆల్కహాల్‌గా మారుస్తుంది, 24 బ్రిక్స్ రసం సుమారు 13 శాతం ఆల్కహాల్ అవుతుంది. అంత తియ్యటి పండు నుంచి తీపి లేని వైన్ ఎలా వచ్చిందని అడిగేవాళ్ళకు జవాబు అదే.

ఇంకో తమాషా. ఫ్రాన్స్‌లో చలికాలం తీగ నిద్రపోతుంది. మన దగ్గర దానికి నిద్రపోయేంత చలి లేదు, ఏడాది పొడుగునా చిగురేస్తూనే ఉంటుంది. అందుకే రెండుసార్లు కత్తిరిస్తారు, ఎండాకాలంలో కొమ్మ కోసం ఒకసారి, వానలు తగ్గుముఖం పట్టాక కాయ కోసం ఇంకోసారి. కాయ చలికాలంలో ముదిరి, ఎండలు ముదిరేలోపు కోతకొస్తుంది. సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉండడంతో రాత్రిళ్ళు చల్లగా ఉంటుంది, ఆ చల్లదనమే కాయలో పులుపు నిలబెడుతుంది. తిరుపతిలో ఇదే తీగ నాటితే ఏమవుతుందో మన మే నెల రాత్రులు తెలిసినవాళ్ళు ఊహించుకోండి.

రెండు రకాలు కలపడమంటే కల్తీ కాదా?

పాలలో నీళ్ళు కలపడం కల్తీ. కాఫీలో చికోరీ కలపడం కొందరికి కల్తీ, కొందరికి ప్రాణం. ఇది సాంబారు పొడి లాంటిది, ధనియాలు ఒక్కటే వేస్తే సాంబారు పొడి అవుతుందా?

కేబర్నెకి వెన్నెముక ఉంది, వగరు గట్టిగా ఉంటుంది, పులుపు నిలబడుతుంది, కానీ నోటి మధ్యలోకి వచ్చేసరికి ఏదో ఖాళీ. షిరాజ్‌కి ఆ మధ్యలో పండు కండ ఉంది, మిరియాల ఘాటు ఉంది. ఒకదాని లోటు ఇంకొకటి పూడుస్తుంది. ఆస్ట్రేలియావాళ్ళు ఈ జోడీని తమ సొంత సొత్తులా చెప్పుకుంటారు గానీ, 19వ శతాబ్దంలో బోర్డో వ్యాపారులే తమ వైన్ పలచగా ఉన్నప్పుడు ఫ్రాన్స్‌లోనే ఉన్న రోన్ లోయ నుంచి షిరాజ్ వైన్ తెప్పించి కలిపేవాళ్ళు. అన్నట్టు షిరాజ్‌కీ ఇరాన్‌లోని షిరాజ్ నగరానికీ సంబంధం లేదు, అది ఫ్రాన్స్‌లోనే రెండు స్థానిక రకాలకు పుట్టిన బిడ్డ అని డీఎన్ఏ పరీక్షలో తేలింది. కేబర్నె సావిన్యాన్ కూడా అంతే, ఒక నల్ల ద్రాక్షకీ ఒక తెల్ల ద్రాక్షకీ పుట్టింది. ఆ సంగతి 1997లో బయటపడింది.

ఓక్ పీపాలో ఎందుకు? స్టీలు ట్యాంకులో పెడితే ఏమవుతుంది?

స్టీలు ట్యాంకులో పెడితే ఎలా పెట్టారో అలానే ఉంటుంది. కొన్ని వైన్లకు అదే కావాలి. పీపా మాత్రం రెండు పనులు చేస్తుంది.

మొదటిది, ఊపిరి. చెక్క సందుల్లోంచి గాలి చాలా కొద్దికొద్దిగా లోపలికి పోతుంది. ఆ కొద్ది గాలికే వగరు కణాలు ఒకదానికొకటి అతుక్కుని పెద్దవై మెత్తబడతాయి. కొత్త చింతపండు కంటే పాత చింతపండు రుచి ఎలా దిగుతుందో అలా అనుకోండి, కచ్చితంగా అదే కాదుగానీ దగ్గరదగ్గరే. గాలి లోపలికి పోయినట్టే వైన్ కూడా కొంచెం ఆవిరై బయటికి పోతుంది, దాన్ని దేవదూతల వాటా అంటారట ఫ్రెంచివాళ్ళు. ఆ తగ్గిన మేర మళ్ళీ నింపుతూ ఉండాలి, లేకపోతే వెనిగరే.

రెండోది, చెక్క రుచి. ఇది నాకు భలే ఇష్టమైన భాగం. పీపా చేసేటప్పుడు పలకల్ని రెండు మూడేళ్ళు ఆరుబయట ఎండకీ వానకీ వదిలేస్తారు, చెక్కలోని చేదు కారిపోవడానికి. తర్వాత లోపల మంట పెట్టి వంచుతారు, ఆ మంటకే లోపలి పక్క కాస్త కాలుతుంది. ఆ సెగ ఎంతసేపు చూపించారన్నదాన్ని బట్టి వాసన మారుతుంది. వెనీలా వాసనిచ్చే వెనిలిన్ ఓక్‌లోనే ఉంది. లవంగంలో ఉండే యూజినాల్ కూడా ఉంది. బాగా కాలితే పొగ వాసనిచ్చే గ్వాయకాల్ వస్తుంది. అమెరికన్ ఓక్ అయితే కొబ్బరి వాసన కొట్టొచ్చినట్టు ఉంటుంది, ఫ్రెంచ్ ఓక్ అంత గోల చెయ్యదు, మెల్లగా మసాలా వైపు పోతుంది.

మా అమ్మ తాగదు. ఒకరోజు గ్లాసు ముక్కు దగ్గర పెట్టి ఏం వాసనొస్తుందో చెప్పమ్మా అంటే, ఒక్క క్షణం ఆగి, "పంటినొప్పికి దూదిలో ముంచి పెడతామే, ఆ లవంగనూనె వాసన రా" అంది. లవంగనూనెలో ఎక్కువభాగం యూజినాలే. డబ్బు కట్టి కోర్సులు చేసినవాళ్ళు చెప్పే మాట ఆమె దూది ముక్కతో చెప్పేసింది.

పీపా సాధారణంగా 225 లీటర్లు, అంటే సుమారు 300 సీసాలు. కొత్త పీపా మూడు నాలుగుసార్లు వాడితే రుచినిచ్చే శక్తి అయిపోతుంది, ఆ తర్వాత ఊపిరి పని ఒక్కటే చేస్తుంది. పైగా ఫ్రాన్స్ నుంచి ఓడలో రావాలి. పీపాలో ఊరిన వైన్ ధర ఎక్కువుండడానికి పెద్ద కారణం ఇదే. చవగ్గా అయిపోవాలనుకునేవాళ్ళు ట్యాంకులోనే ఓక్ ముక్కలు వేసి నానబెడతారు, ఆ వాసన మొదట గుప్పుమంటుంది, కాసేపటికి వైన్ ఒకవైపు చెక్క ఒకవైపు అయిపోతుంది.

మన ఎర్రచందనంతో పీపా చేస్తే ఎలా ఉంటుంది?

శేషాచలంలో చెట్టు ముట్టుకుంటే టాస్క్‌ఫోర్స్ వాళ్ళు రుచి చూపిస్తారు. సరదాకి అడిగారు కాబట్టి చెప్తున్నాను, ఎర్రచందనం తన రంగునే వైన్‌లోకి వదులుతుంది. పీపాకి కావలసింది ద్రవం కారనివ్వకుండా, వేడికి వంగుతూ, మంచి వాసన ఇచ్చే చెక్క. అవన్నీ ఒకేచోట కుదిరాయి కాబట్టే ఓక్ వందల ఏళ్ళుగా నిలబడింది.

సరే, రుచి ఎలా చూడాలి? నాకు నోట్లో ఒకటే తెలుస్తోంది, వగరు.

వగరు తెలిసిందంటే సగం పని అయిపోయింది, నిజంగా చెప్తున్నాను. ఇంగ్లీషు పుస్తకాలు ఈ ఒక్క సంగతి అర్థమయ్యేలా చెప్పడానికి పేజీలు ఖర్చుపెడతాయి. మనకు ఉగాది పచ్చడిలోనే ఉంది, ఆరు రుచుల్లో ఒకటి. పచ్చి అరటికాయ కోసి నాలుకకు రాస్తే, నేరేడు పండ్లు నాలుగు ఎక్కువ తింటే, వక్క నమిలితే నోరు ఎలా పట్టేస్తుందో అదే. వైన్‌లో ఈ వగరునిచ్చే టానిన్ అనే పదార్థం మన లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకుని జిగురు తీసేస్తుంది, అందుకే నోరు ఎండినట్టు అనిపిస్తుంది.

నేను చేసే పద్ధతి ఇది. గ్లాసులో మూడో వంతు పోస్తాను, అంతకు మించి పోస్తే తిప్పడానికి చోటుండదు. తెల్లకాగితం పైన వంచి రంగు చూస్తాను. లా రిజర్వ్ అయితే మధ్యలో నేరేడు రసం రంగు, అంచుల్లో కాస్త మాణిక్యం లాంటి ఎరుపు. అంచు ఇటుక రంగులోకి తిరిగిందంటే వయసైందని అర్థం. తర్వాత గ్లాసు తిప్పకుండా ఒకసారి వాసన, తిప్పి ఇంకోసారి వాసన. ఈ రెండో వాసన దగ్గరే తొందరపడకూడదు.

మొదటిసారి నేను పుస్తకం పక్కన పెట్టుకుని బ్లాక్‌కరంట్ వాసన కోసం వెతికాను. జన్మలో బ్లాక్‌కరంట్ చూసింది లేదు, తిన్నది లేదు, దాని వాసన నాకెలా దొరుకుతుంది? అరగంట అలా కుస్తీ పట్టి పుస్తకం మూసేశాక, పక్కనే ఉన్న మా బావ గ్లాసు వాసన చూసి "ఏంది బావా, మిరియాల రసం వాసన ఉండాది" అన్నాడు. ఉంది మరి. షిరాజ్ తొక్కలో రోటండోన్ అనే పదార్థం ఉంటుంది, నల్లమిరియానికి ఆ ఘాటు వాసననిచ్చేదీ అదే పదార్థం. బావకి ఆ పేరు తెలియదు, రసం తెలుసు. ఆ రోజు నుంచి ఇంగ్లీషు పండ్ల పేర్లు మానేశాను. నా చిట్టాలో ఇప్పుడు ఇవే ఉన్నాయి: బాగా పండిన నేరేడు, ఎండు ఖర్జూరం, మిరియం, లవంగం, కొత్త కొయ్య బీరువా, అట్లపెనం మీద మాడిన అంచు, కొన్నిసార్లు తమలపాకు. కేబర్నె పూర్తిగా పండకపోతే పచ్చి క్యాప్సికం కోసిన వాసన వస్తుంది, అది కూడా నిజంగా క్యాప్సికంలో ఉండే పదార్థమే. మీ చిట్టా మీరు రాసుకోండి, నా నేరేడు మీకు రేగుపండు కావచ్చు.

ఇప్పుడు నోట్లోకి. చిన్న గుక్క తీసుకుని వెంటనే మింగకుండా, పుక్కిలించేంత కాకపోయినా నోరంతా తిప్పండి. వరుసగా నాలుగు గమనించండి: ముందు పండు రుచి, ఆ వెంటనే నాలుక పక్కల్లో నీరూరించే పులుపు, తర్వాత చిగుళ్ళ మీద పట్టే వగరు, చివర గొంతులో ఆల్కహాల్ వేడి. వీటిలో ఏ ఒక్కటీ మిగతావాటి నెత్తినెక్కకపోతే అది కుదిరిన వైన్. చిక్కదనం అంటే నీళ్ళకీ పాలకీ ఉన్న తేడా, ఇది పాల వైపుంటుంది. మింగాక మనసులో లెక్కపెట్టండి, రుచి ఎన్ని అంకెల దాకా నిలబడిందో. నాకు ఈ సీసా పది దాటుతుంది, ఆఖర్న మిగిలేది లవంగం, కాస్త పొగ. ఒక ఫిర్యాదు కూడా ఉంది, తెరిచిన వెంటనే తాగితే చెక్క ముందుకొచ్చి పండు వెనక్కి పోతుంది. అరగంట జగ్గులో పోసి పెడితే సర్దుకుంటుంది.

జగ్గు అంటే ఏ జగ్గు? గ్లాసులు కూడా స్పెషల్‌గా కొనాలా?

గాజు జగ్గు ఏదైనా చాలు. గ్లాసు కూడా గాజుదే, అడుగు వెడల్పుగా మూతి కాస్త ముడుచుకుని ఉంటే వాసన నిలుస్తుంది. స్టీలు గ్లాసులో మాత్రం పొయ్యకండి, కాఫీకి అది రాజు, దీనికి కాదు.

ఎర్ర వైన్ రూమ్ టెంపరేచర్‌లో తాగాలంటారు కదా?

ఆ రూమ్ ఫ్రాన్స్‌లో రాతిగోడల పాత ఇల్లు. లీలామహల్ సెంటర్ పక్కన మూడో అంతస్తు ఫ్లాటు కాదు. వాళ్ళ లెక్కలో రూమ్ అంటే 16 నుంచి 18 డిగ్రీలు, మనకి మే నెలలో 40 దాటుతుంది. ఆ వేడిలో తాగితే ఆల్కహాల్ తప్ప ఇంకేం తెలియదు. అరగంట, నలభై నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి తీయండి. మరీ చల్లబడితే వగరు పెరుగుతుంది, అప్పుడు గ్లాసును రెండు చేతులతో పట్టుకుని కాసేపు కూర్చోండి.

నిల్వ చెయ్యడం గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఒకసారి ఏప్రిల్‌లో మంచి సీసా ఒకటి కొని, కారు డిక్కీలో పెట్టి, పెళ్ళి భోజనానికి ఆగి, నాలుగు గంటలు మర్చిపోయాను. ఇంటికొచ్చి చూస్తే కార్కు కాస్త పైకి లేచి, పక్కనుంచి చుక్క కారి ఉంది. తెరిస్తే ఉడకబెట్టిన ఎండుద్రాక్ష రసం. పూర్తిగా నా తప్పే, ఎవర్నీ తిట్టలేను, అందుకే ఇంకా బాధ. ఫ్రిజ్ పైన, అటక మీద, వంటింటి గట్టు మీద పెట్టకండి. ఇంట్లో అన్నిటికంటే చల్లటి చీకటి మూల, లేదా ఫ్రిజ్‌లో కూరగాయల అర.

ఐస్ వేసుకోవచ్చా? సోడా?

మీ సీసా, మీ ఇష్టం. నాకు చూపించకండి.

నాటుకోడి పులుసు, రాగి సంగటితో ఎలా ఉంటుంది?

నిజం చెప్పనా, బాగోదు. సంగటి తప్పు కాదు, పులుసులో కారం తప్పు. మిరపకారం ఉన్నచోట ఆల్కహాల్ మంట రెట్టింపు అనిపిస్తుంది, వగరు ఇంకా గరుగ్గా తగులుతుంది, చింతపండు పులుపు ముందు వైన్ చప్పబడిపోతుంది. మూడు దెబ్బలు ఒకేసారి. నాకు ఇది ఒప్పుకోవడానికి చాలా కాలం పట్టింది, ఎందుకంటే మనం తినేదంతా అదే కదా.

కుదిరేవి ఇవి. కొవ్వు ఉన్న మటన్‌ని కారం తగ్గించి, మిరియాలు, ధనియాలతో నెయ్యిలో మాడీ మాడకుండా వేపితే భలే ఉంటుంది. కొవ్వూ ఉప్పూ ప్రోటీనూ కలిసి వగరును మింగేస్తాయి, మిరియం అక్కడ వైన్‌లో ఉన్న మిరియానికి చుట్టమైపోతుంది. నిప్పుల మీద కాల్చిన మటన్ ముక్క ఇంకా మేలు, పీపా పొగకి పొయ్యి పొగ తోడు. శాకాహారులకు నెయ్యిలో వేయించిన పుట్టగొడుగులు, కాల్చిన వంకాయ, ఉప్పేసి వేయించిన చెనిక్కాయలు. ఆఖరిది ఏ హోటల్లోనూ చెప్పరు గానీ నేను ఎక్కువసార్లు చేసేది అదే. పెరుగన్నం, ఆవకాయ, చేపల పులుసు మాత్రం వద్దే వద్దు.

వైన్ శాకాహారమేనా?

తిరుపతిలో కాకపోతే ఇంకెక్కడ అడుగుతారు ఈ ప్రశ్న! ద్రాక్ష, ఈస్ట్ వరకు శాకాహారమే. చివర్లో తేటగా చేసేటప్పుడు మాత్రం మెలిక ఉంది. ఎర్ర వైన్‌లో ఎక్కువైన వగరును తీయడానికి కోడిగుడ్డు తెల్లసొన కలపడం బోర్డోలో పాత పద్ధతి. తెల్లసొన వగరును పట్టుకుని అడుక్కి దిగిపోతుంది, పైనుంచి తేట తీసుకుంటారు. పాల నుంచి తీసిన కేసీన్, చేప నుంచి తీసే పదార్థం, జెలటిన్ కూడా వాడేవాళ్ళున్నారు. బెంటోనైట్ అనే మట్టి వాడితే ఆ గొడవ లేదు, కొందరు ఏమీ వాడకుండా ఊరికే పేరుకోనిస్తారు. పట్టింపు ఉన్నవాళ్ళు వైనరీకి ఒక మెయిల్ పెట్టి అడగడమే మార్గం, సీసా మీద చూసి తేల్చుకోవడం కష్టం.

సీసా అడుగున మడ్డి ఉంది. పాడైనట్టా?

కాదు. రంగూ వగరూ కలిసి కిందికి దిగినవి, లేదా పలుకుల్లా ఉంటే ద్రాక్షలోని ఆమ్లం గడ్డకట్టినవి. ఆఖరి చుక్కలు వదిలేయండి. పాడైందనడానికి గుర్తులు వేరు: తడిసిన అట్టపెట్టె లేదా ముక్కిన గోనెసంచి వాసన వస్తే కార్కు తెచ్చిన తెగులు, వెనిగర్ లేదా గోళ్ళరంగు వాసన వస్తే గాలి తెచ్చిన తెగులు. మొదటిది ఎంత మంచి సీసాకైనా రావచ్చు, మీ అదృష్టం బాగోలేదంతే.

ఎంత దాచుకుంటే అంత మంచిదటగా?

అన్నిటికీ కాదు. ప్రపంచంలో తయారయ్యే వైన్లలో ఎక్కువభాగం కొన్న ఏడాది రెండేళ్ళలో తాగడానికే చేసినవి. ఇలాంటి పీపా వైన్ చల్లగా దాచగలిగితే కొన్నేళ్ళు ఉంటుంది. మన ఇళ్ళలో చల్లగా దాచడమే కుదరదు కాబట్టి ముహూర్తం చూడకుండా తాగేయండి. తెరిచాక మూత బిగించి ఫ్రిజ్‌లో పెడితే రెండు మూడు రోజులు. మూడో రోజు తర్వాత మటన్ కూరలో పొయ్యండి.

మా నాయనమ్మ తాగే ద్రాక్షారిష్టం లాంటిదేనా ఇది?

దూరపు చుట్టం. అరిష్టాలు, ఆసవాలు కూడా పులియబెట్టి చేసేవే, వాటిలో ఆల్కహాల్ తనంతట తానే పుడుతుంది. నాయనమ్మకి ఆ సంగతి చెప్పకండి. తేడా ఏంటంటే ద్రాక్షారిష్టంలో ఎండుద్రాక్ష కషాయం, బెల్లం, మసాలా దినుసులు కలుస్తాయి, ఏలకులూ మిరియాలూ మనం వేసినవే. వైన్‌లో లవంగం వాసన ఎవరూ వెయ్యకుండా చెక్క నుంచి వచ్చింది.

గుండెకు మంచిదని డాక్టర్ చెప్పాడు...

ఏ డాక్టరో గానీ పాత డాక్టరయ్యుంటాడు. ఎర్ర వైన్ గుండెకు మేలు అన్న ప్రచారం 1990ల్లో బాగా ఊపందుకుంది, తొక్కలో ఉండే రెస్వెరట్రాల్ పేరు అప్పుడే అందరి నోటా నానింది. అది పనిచెయ్యాలంటే తాగాల్సిన లీటర్లకి గుండె కంటే ముందు కాలేయం పోతుంది. ఆల్కహాల్ ఎంత కొంచెమైనా పూర్తిగా సురక్షితం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో తేల్చి చెప్పింది. రుచి కోసం తాగుతున్నానని ఒప్పుకోండి, మందు పేరు చెప్పి మందు తాగకండి. గర్భిణులు, కాలేయం జబ్బున్నవాళ్ళు, రోజూ మాత్రలు వేసుకునేవాళ్ళు దీని జోలికి రావద్దు.

వైనరీకి వెళ్ళి చూడొచ్చా? వస్తూ వస్తూ రెండు కేసులు తెచ్చుకుంటాం.

చూడొచ్చు. ముందుగా ఫోన్ చేసి బుక్ చేసుకుని వెళ్తే తోట, ట్యాంకులు, పీపాల గది తిప్పి చూపించి, నాలుగైదు రకాలు రుచి చూపిస్తారు. మదనపల్లె నుంచి చింతామణి, చిక్కబళ్ళాపురం మీదుగా వెళ్ళడం హాయి. చిత్తూరు వాళ్ళు పలమనేరు, ముళబాగిలు, కోలారు దారి పట్టుకోవచ్చు. కోతలప్పుడు వెళ్తే మంచిది, అంటే శివరాత్రి అటూ ఇటూ. పీపాల గదిలోకి అడుగుపెట్టగానే వచ్చే చల్లటి వాసన, తడిచెక్కా ద్రాక్షా కలిసినది, ఒక్కసారి పీలిస్తే గ్లాసులో వాసన వెతకడం తేలికైపోతుంది.

రెండు కేసుల సంగతి మర్చిపోండి. కర్ణాటక సీసా పర్మిట్ లేకుండా సరిహద్దు దాటించడం మన రాష్ట్రంలో కేసు అవుతుంది, నంగిలి దగ్గర బండి ఆపితే మీ వైన్ పాండిత్యం పనికిరాదు. అక్కడే తాగి అక్కడే వదిలి రండి. రుచి చూసినవాడు స్టీరింగ్ పట్టకూడదు, 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే మొదటిసారికే 10,000 రూపాయల జరిమానా, జైలు కూడా పడొచ్చు. మా గుంపులో తాగని బావమరిదికి బిర్యానీ ఖర్చు మాది.

ఇది నచ్చింది. తర్వాత ఏం చూడాలి?

పక్కపక్కన పెట్టి చూడాలంటే ఫ్రతెల్లి వాళ్ళ సెత్తె. మహారాష్ట్రలో షోలాపూర్ జిల్లా అక్లూజ్‌లో చేస్తారు, ఇటలీ సాంజొవేజె ద్రాక్షకి కేబర్నె కలిపి ఓక్‌లో ఊరబెట్టినది. ఫ్రతెల్లి అంటే ఇటాలియన్‌లో అన్నదమ్ములు, మూడు కుటుంబాల అన్నదమ్ముల జోడీలు కలిసి పెట్టిన వైనరీ, వాళ్ళ వైన్ చేసిన పియెరో మాసితో కలిపి ఏడుగురు, అందుకే ఏడు అని అర్థమొచ్చే ఆ పేరు. నాకైతే అందులో పులుపు ముందుంటుంది, లా రిజర్వ్‌లో పండు ముందుంటుంది.

తెలుగువాళ్ళ వైన్ కావాలంటే హంపి కొండల దగ్గర కృష్మ ఎస్టేట్స్ ఉంది. గ్రాన్యూల్స్ ఇండియా అనే ఔషధాల కంపెనీ చిగురుపాటి కృష్ణప్రసాద్, ఆయన భార్య ఉమ పెట్టారు, పేరు కూడా ఇద్దరి పేర్లూ కలిపినదే. వాళ్ళ కేబర్నె సావిన్యాన్ సీసా ఒకటి కూరగాయల అరలో, బీరకాయల వెనక దాచి ఉంచాను. మా బావ ఇది చదవడనే ధైర్యం.